చెవి ఎంత, ఆకాశం ఎంత

రికార్డింగుకి వచ్చేవాళ్ళు ఈ మధ్య మైకుల గురించి అడగడం మానేశారు. "సార్, నైంటీసిక్స్‌లో చేస్తారా, ఫార్టీఎయిట్‌లోనా?" అంటున్నారు. అడిగే తీరు బేరంలాగే ఉంటుంది. నాకు మాత్రం అది తర్కంలో ప్రశ్నలా వినబడుతుంది. తప్పు నాది కాదు, మా మేనమామది.

మావయ్య కొవ్వూరులో తర్కం చదువుకున్నారు. వేసవి సెలవులకి వెళ్తే చాలు, అరుగు మీద కూర్చోబెట్టి తర్కసంగ్రహం వల్లె వేయించేవారు. అది రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని ఆయనకి కాస్త అతిశయం కూడా. ఆ తర్వాత నేను ఎలక్ట్రానిక్సు డిప్లొమా చేసి హైదరాబాదులో స్టూడియో ఉద్యోగంలో చేరాను. స్పూల్ టేపులు చూశాను, డ్యాట్ క్యాసెట్లు చూశాను. ఇప్పుడు ఒక లాప్‌టాపు, దానికి తగిలించే చిన్న పెట్టె, రెండు మైకులు పట్టుకుని గోదావరి జిల్లాల్లో వేదపారాయణాలూ వీణ కచేరీలూ హరికథలూ రికార్డు చేస్తున్నాను. చేతికి పని మారింది గాని చెవిలో మావయ్య గొంతు మారలేదు. శబ్దం తెగని ధారా, లేక క్షణాల వరసా? సెకనుకి ఎన్ని నమూనాలు తీయాలి, తొంభైయారు వేలా, నలభైఎనిమిది వేలా అన్న ప్రశ్న వెనకాల ఉన్నది ఇదే.

దీన్ని నా మీదికి బాణంలా విసిరింది చిన్ననాటి స్నేహితుడొకడు. వీణ వాయిస్తాడు. "తోడిలో గాంధారం ఎక్కడుందో చూపించరా" అంటాడు. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతూ ఉండడమే దాని ఉనికి. ఒకచోట నిలబెడితే అది తోడి కాదు. "అలాంటిదాన్ని సెకనుకి 44,100 చోట్ల నిలబెట్టి కొలుస్తావు. కొలతకీ కొలతకీ మధ్య నడిచిన పాట ఏమైనట్టు? నువ్వు వట్టి క్షణికవాదివి" అని తీర్పు కూడా చెప్పేశాడు.

మాటకి మాటగా అన్నా, తిట్టు బరువైనదే. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మీద అది పరాయి మతమేం కాదు. ఉన్నదల్లా క్షణకాలమే ఉంటుందని, దీపశిఖ ఒకటే అనిపిస్తుంది గాని ప్రతి క్షణం కొత్త శిఖేనని బౌద్ధులన్నారు. ఒకదానికొకటి పోలి ఉన్న క్షణాల వరసను మనమే 'అదే ఇది' అనుకుంటామట. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు, కుండ నిలిచి ఉంటుందంటారు. శబ్దం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ నైయాయికుడే బౌద్ధుడికి దగ్గరి చుట్టమైపోతాడు. ఆయన లెక్కలో శబ్దం మొదటి క్షణంలో పుడుతుంది, రెండోదాంట్లో ఉంటుంది, మూడోదాంట్లో పోతుంది. పోతూ ఇంకో శబ్దాన్ని పుట్టిస్తుంది. అలా అల వెనక అలగా చెవిదాకా వస్తుంది. మద్దెల దగ్గర పుట్టిన శబ్దం మన చెవికి చేరనే చేరదు, దాని మునిమనవడెవరో చేరతాడు. మీమాంసకుడు ఈ ఇద్దరినీ చూసి నవ్వుతాడు. శబ్దం నిత్యం, ఎప్పుడూ అంతటా ఉన్నదే, గొంతు దాన్ని వెల్లడి చేస్తుందంతే అంటాడు.

నా స్నేహితుడికి ఈ ముగ్గురిలో ఎవరూ జవాబు కాదు. జవాబు వేరే చోట ఉంది. 1928లో అమెరికాలో నైక్విస్ట్ తంతి సంకేతాల కోసం వేసిన లెక్కలో, 1933లో రష్యాలో కొతెల్నికోవ్ రాసిన పత్రంలో, చివరికి 1949లో క్లాడ్ షానన్ తేల్చి చెప్పిన సిద్ధాంతంలో. దాన్ని వాడికి ముగ్గుతో చెప్పాను. చుక్కలు పెట్టి, వాటి మీదుగా గీత నడపాలి. వాడు వెంటనే అన్నాడు, "అవే చుక్కల మీద పది రకాల మెలికలు వేయచ్చు కదరా, ఏది నిజం ముగ్గో చుక్కలకేం తెలుసు?" సరైన అభ్యంతరమే. చుక్కలు ఒక్కటే ఉంటే వాటికేమీ తెలియదు. కాని ముందుగా ఒక కట్టుబాటు పెట్టుకుందాం: గీత ఇంతకన్నా చురుగ్గా మెలిక తిరగకూడదు. సరిగ్గా చెప్పాలంటే, చుక్కలు పెట్టే వేగంలో సగానికి మించిన కంపనం గీతలో ఉండకూడదు. ఆ ఒక్క షరతుతో తొమ్మిది మెలికలు చెరిగిపోతాయి. మిగిలేది ఒక్కటే, అది అసలుదే. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న గాంధారం ఊగు కూడా అందులో ఉంటుంది. దగ్గర దగ్గరగా ఉండడం కాదు, ఉన్నదున్నట్టు ఉంటుంది.

డిజిటల్ శబ్దం అనగానే ప్రకటనల్లో మెట్లమెట్లుగా ఉన్న గీత ఒకటి వేసి, మెట్లు చిన్నవైతే పాట నునుపవుతుందని చూపిస్తారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పెట్టెలోంచి బయటికొచ్చే తీగ మీద మెట్లుండవు. చివరన ఉన్న ఫిల్టరు, ఆ షరతుకి లోబడ్డ ఒకే ఒక గీతని తిరిగి గీస్తుంది. కాబట్టి నేను క్షణికవాదిని కాను. నావి క్షణాలే, కాని వాటిలో ధార తెగలేదు.

అయితే ఊరికే దొరకలేదది. కట్టుబాటు ఒప్పుకుంటేనే పూర్ణత్వం. హద్దు లేని శబ్దాన్ని ఎన్ని చుక్కలు పెట్టినా పట్టలేం. హద్దు గీస్తే, లోపలున్నదంతా చిక్కుతుంది. మరి ఆ హద్దు ఎవరు గీయాలి, ఎక్కడ గీయాలి?

ఇక్కడే మావయ్య గుర్తొస్తారు. ఆకాశం ఒకటే, అంతటా ఉన్నదే, శబ్దం దాని గుణం అని చెప్పించాక నేనడిగాను, "మరైతే కాకినాడలో మాట్లాడింది మనకి వినబడాలి కదా మావయ్యా?" ఆయన నా చెవి పట్టుకుని మెలేశారు. "ఇదిరా. చెవి అంటే వేరే పదార్థం కాదు. ఈ దొప్పలో హద్దుపడ్డ ఆకాశమే చెవి. హద్దు లేకపోతే ఆకాశం ఉంటుంది గాని వినేవాడుండడు." చెవిటివాడికి కూడా దొప్ప ఉంది కదా అని తర్వాత పెద్ద పుస్తకాల్లో వాదం నడుస్తుంది. అదృష్టం, అంటే పూర్వకర్మ ఫలం, కూడా ఆ హద్దులో చేరితేనే వినికిడి అంటారు. నాకు అంతదాకా అక్కర్లేకపోయింది. అపరిమితమైనది వినదు, పరిమితమైనదే వింటుంది అన్న ముక్క మాత్రం మెలేసిన చెవితో సహా మిగిలింది.

ఇది చెప్పగానే "చూశారా, షానన్ చెప్పింది మనవాళ్ళు ముందే చెప్పారు" అనేవాళ్ళు తయారవుతారు. చెప్పలేదు. తర్కంలో ఆకాశం గాలి కాదు, అందులో కంపనాల లెక్క లేదు, కొలతల ఊసే లేదు. ఇద్దరూ ఒక ప్రశ్న చుట్టూ తిరిగారు, అంతే. అన్నంభట్టుకి ఈ మెప్పు అవసరం కూడా లేదు.

చెవి హద్దు సుమారుగా 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా. షానన్ లెక్క ప్రకారం సెకనుకి 40,000 నమూనాలకి కాస్త పైన ఉంటే చాలు. ఆ కాస్త దేనికంటే, ఏ ఫిల్టరూ ఒక్క గీతలో గొంతు కోయలేదు, వాలుగా తగ్గడానికి దానికి చోటు కావాలి. 44,100 అన్న వింత అంకె మాత్రం చెవిని చూసి పెట్టింది కాదు. అప్పట్లో డిజిటల్ శబ్దం దాచడానికి వీడియో టేపు యంత్రాలే దిక్కు. టీవీ బొమ్మలో ఒక్కో గీతకి మూడేసి నమూనాలు ఎక్కించేవారు. అమెరికా, జపాన్ లెక్కలో 245 గీతలు, సెకనుకి 60 సార్లు. యూరప్ లెక్కలో 294 గీతలు, 50 సార్లు. ఎలా గుణించినా 44,100. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో సీడీకి ప్రమాణం రాసుకున్నప్పుడు అదే ఖాయమైంది, 1982లో సీడీ బజారుకొచ్చింది. సినిమా, టీవీ వాళ్ళు 48,000 పట్టుకున్నారు. చాలా నియమాలు ఇలాగే పుడతాయనుకుంటాను. ముందు ఎవరికో ఏదో యంత్రంతో అవసరం, తర్వాత శాస్త్రం.

హద్దు గీశాక కావలి కాయాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా లోతుగా అనిపించే సంగతి ఇదే. సెకనుకి 44,100 చొప్పున కొలుస్తున్నప్పుడు 30,000 హెర్ట్జ్ శబ్దం ఒకటి లోపలికి వచ్చిందనుకోండి. మనకి వినబడదు కాబట్టి పోనిద్దాం అనుకుంటాం. పోదు. 44,100లోంచి 30,000 తీసేస్తే మిగిలే 14,100 వేషం వేసుకుని, చక్కగా వినబడే చోట కూర్చుంటుంది. సినిమాలో రథచక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించేది కూడా ఈ మాయే. పైకి వినబడనివి ఎక్కడ్నుంచి వస్తాయంటే, హరిదాసు చిడతల్లోంచి వస్తాయి, కంచు తాళాల్లోంచి వస్తాయి, గోడకి తగిలించిన చవక ఎల్ఈడీ బల్బు అడాప్టర్లోంచి కూడా వస్తాయి.

తాడుని చూసి పామనుకున్నవాడికి దీపం తెస్తే భ్రమ పోతుంది. శాస్త్రంలో దాన్ని బాధ అంటారు, ముందు కలిగిన జ్ఞానాన్ని తర్వాతిది కొట్టేయడం. న్యాయమతంలో భ్రమంటే ఎక్కడో నిజంగా ఉన్న పాము ఇక్కడ కనబడడం. మన 30,000 కూడా నిజంగా ఉన్నదే, వేరే చోట కనబడింది. ఇంతవరకు పోలిక బాగానే కుదురుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ దీపం లేదు. అంకెలు రాసేశాక, నిజంగా వచ్చిన 14,100కీ వేషం వేసిన 14,100కీ ఆ అంకెల్లో ఏ భేదమూ ఉండదు. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా ఫైలుని మాత్రమే చూసి విడదీయలేదు. ఈ భ్రమకి తర్వాత విరుగుడు లేదు, కొలవక ముందే, గుమ్మంలోనే ఆపాలి. అందుకే ప్రతి పెట్టెలోనూ కొలతకి ముందు ఫిల్టరుంటుంది. ఇప్పటి పెట్టెలు మొదట సెకనుకి లక్షల సార్లు కొలిచి, ఆ తర్వాత లెక్కతో వడకట్టి 48,000కి దించుతాయి. కాబట్టి నాలాంటివాడు దాని గురించి బెంగపడనక్కర్లేదు. ఒకప్పుడు ఆ ఫిల్టర్లు నాసిగా ఉండేవి, తొలి సీడీలు గరుకుగా ఉన్నాయన్న నిందలో దాని వాటా కొంత ఉంది.

ఇక బిట్ల సంగతి. 16 బిట్లంటే శబ్దం ఎత్తుని కొలవడానికి 65,536 మెట్లు, 24 అంటే 1,67,77,216. డెసిబెల్స్‌లో సుమారు 96, 144. ఆ 144 ఏ యంత్రానికీ నిజంగా అందదు. లోపలి భాగాల్లో వేడికి పుట్టే రొదే దానికన్నా ముందు అడ్డొస్తుంది, ఎంత మంచి పెట్టైనా 120 పైచిలుకులో ఆగిపోతుంది. అగ్రహారం ఇంట్లో కిటికీలు మూసి ఫ్యాను ఆపినా 30 డెసిబెల్స్ రొద ఉండనే ఉంటుంది. ఘనాపాఠి గొంతు దగ్గర్నుంచి 90 అనుకున్నా మధ్యలో ఉన్నది 60. వినేవాడికి 16 బిట్లు ధారాళంగా సరిపోతాయి. మరి నేను 24లో ఎందుకు చేస్తానంటే, మైకు మట్టం జాగ్రత్తగా తగ్గించి పెట్టుకోవచ్చని. పై మెట్టు దాటితే పాట పగులుతుంది, దానికి మందు లేదు.

24లో చేసిందాన్ని 16కి దించేటప్పుడు చేసే పనొకటి విన్నవాళ్ళెవరూ మొదట నమ్మరు. కావాలని కొంచెం రొద కలుపుతాం. తంబురా మీటి వదిలాక ఆ నాదం సన్నబడుతూ చివరి మెట్టు దగ్గరికి వస్తుంది. రొద కలపకపోతే అక్కడ అది గరగరమని, ఉన్నట్టుండి తెగిపోతుంది. కలిపితే, ఆ పలచని హోరు కింద, చివరి మెట్టుకి దిగువన కూడా నాదం సాగుతుంది. చెవి దాన్ని పట్టుకుంటుంది. మా తర్కంవాళ్ళకీ ఈ చివరి శబ్దం పెద్ద చిక్కే. ముందు శబ్దాన్ని తర్వాతది నశింపజేస్తుంది సరే, ఆఖరిదాన్ని నశింపజేసేది ఎవరు? దాని తర్వాత ఇంకోటి లేదు కదా. ఆఖరిదీ దాని ముందుదీ సుందోపసుందుల్లా ఒకదాన్నొకటి చంపుకుంటాయని తేల్చారు. తిలోత్తమ కోసం కొట్టుకు చచ్చిన అన్నదమ్ముల్ని తంబురా తీగ మీద ఊహించి చిన్నప్పుడు తెగ నవ్వాను. మావయ్య నవ్వలేదు.

సరే, నైంటీసిక్సా, ఫార్టీఎయిటా? నా పద్ధతి 24 బిట్లు, 48,000. గంట రికార్డుకి ఒక గిగాబైటు పైచిలుకు పడుతుంది. పాత టేపుల్ని ఎత్తిరాసేటప్పుడు 96,000 పెడతాను, తర్వాత వాటి వేగం, శ్రుతి సవరించాలి కాబట్టి చేతిలో కాస్త ఎక్కువుంటే మేలు. 192,000 నా దృష్టిలో ఆడంబరం. గంటకి నాలుగు గిగాబైట్లు, అందులో ఎక్కువ భాగం గబ్బిలాలకే పనికొచ్చేది. ప్రత్యక్షం ఏమంటుందో కూడా చూశారు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు, హై రిజల్యూషన్ పాటని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే. 2016లో జాషువా రీస్ అలాంటి 18 అధ్యయనాలు కలిపి లెక్కేస్తే 52.3 శాతం వచ్చింది, తర్ఫీదు పొందినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ. సున్నా అయితే కాదు. దాని కోసం డబ్బు పోసేవాణ్ణి నేను వెక్కిరించను. కాని అది విని తెలుసుకున్నది కాదు, చాలావరకు నమ్మి కొనుక్కున్నది.

అంకె చిన్నదైతే వచ్చే నష్టం కన్నా అంకె మీద చీటీ తప్పైతే వచ్చే నష్టం పెద్దది. కోనసీమలో ఒక ఘనాపాఠి గారి ఇంట్లో పారాయణం రికార్డు చేస్తున్నప్పుడు ఆయన తన గురువుగారి పాత రికార్డు ఒకటి వినిపించమన్నారు. ఎవరో ఎక్కడో ఎత్తిరాసి ఇచ్చిన ఫైలు. రెండు నిమిషాలు విని, "మా గురువుగారికి ఇంత తొందర ఎప్పుడూ లేదండీ" అన్నారు. చూస్తే, 44,100లో ఉన్నదాన్ని 48,000గా చీటీ రాశారు. గంట పారాయణం 55 నిమిషాల్లో అయిపోతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. హ్రస్వానికీ దీర్ఘానికీ ఉన్న నిష్పత్తి చెడలేదు, ఉదాత్తానుదాత్తాల ఎడం చెడలేదు. అక్షరం పొల్లుపోలేదు. అయినా ఆయన చెవి కాదంది.

చీటీ సరిచేసి మళ్ళీ పెట్టాను. ఇప్పుడు "ఆఁ, ఆయనే" అన్నారు. ఈ 'ఆయనే', 'అదే' అన్న గుర్తింపే మీమాంసకుల ప్రధాన ఆయుధం. నిన్న విన్న గకారమే ఇవాళా విన్నాను, కాబట్టి గకారం నిత్యం అంటారు. నైయాయికుడు ఒప్పుకోడు, నిన్న తాగిన మందే ఇవాళా తాగాను అనడం లేదా, అదే జాతి మందనేగా దానర్థం అంటాడు. రెండు ఫైళ్ళు ఒకటేనా అని చూడాలంటే ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదాంతో కలుపుతాను, పూర్తి నిశ్శబ్దం వస్తే ఒకటే. ఈ పరీక్ష మీమాంసకుణ్ణి గెలిపిస్తుందనుకున్నాను మొదట్లో. అదేం లేదు. రెండు ఫైళ్ళూ ఒకే అంకెలని తేల్తుంది గాని, ఆ అంకెలూ ఆ గురువుగారి గొంతూ ఒకటేనా అన్నది అలాగే ఉంది. ఘనాపాఠి గారికి ఆ సందేహమే లేదు. పెట్టెలోంచి వచ్చింది విని ఆనందించవచ్చట, దాని వల్ల అధ్యయనం మాత్రం కాదట. అధ్యయనానికి గురుముఖమే కావాలి. "పెట్టె తప్పు పట్టుకోలేదు కదండీ" అన్నారు.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. ఆయన దగ్గర చదువుకునే కుర్రాడొకడు హెడ్‌ఫోన్ పెట్టుకుని, "ఈల వస్తోందండీ" అన్నాడు. నాకేమీ లేదు. దూరదర్శన్ రోజుల్లో టీవీ పెట్టె వేసే 15,625 హెర్ట్జ్ సన్నని కూత నాకు పక్కింట్లోంచి కూడా వినబడేది. ఇప్పుడు 12,000 దాటితే నాకు లోకమే లేదు. తెర మీద స్పెక్ట్రమ్ తెరిస్తే 17,000 దగ్గర నిలువునా గీత, ఫోను చార్జరు. పీకేయించాను. నా చెవి ప్రమాణంగా హద్దు గీసి ఉంటే సెకనుకి 24,000 చాలు, చార్జరు గొడవే లేదు. కాని నేను గీసే హద్దు నా చెవిది కాదు, ఆ కుర్రాడిది. నాకు ప్రత్యక్షం కానిదాన్ని తెర మీద గీత చూసి అనుమానంతోనూ, కుర్రాడి మాట విని శబ్దప్రమాణంతోనూ ఒప్పుకుని కాపలా కాస్తున్నాను.

ఘనాపాఠి గారు ఇదంతా విని, "అయితే మీకు వినబడనిదానికి కూడా డబ్బు పుచ్చుకుంటున్నారన్నమాట" అన్నారు.

"తమరు కనబడని ఫలానికి సంభావన పుచ్చుకోవడం లేదా?" అన్నాను.

ఒక్క క్షణం చూసి, ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. రికార్డు నడుస్తూనే ఉంది. పారాయణం పై మెట్టుకి 18 డెసిబెల్స్ కింద, మైనస్ 18 దగ్గర ఆడేలా మట్టం పెట్టుకున్నాను. నవ్వు మైనస్ 4 దాకా వెళ్ళింది, పగల్లేదు.